మా గెడ్డ (కొండవాగు) దగ్గర పాడే ఈలపిట్ట ఇప్పుడు పైకొండలోనే వినపడుతోందట. ఇది వాతావరణ మార్పేనా?

మన్యం_టీచర్:

అందరికీ నమస్కారం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో చింతపల్లి దగ్గర ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాను. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, వాళ్ల చిన్నతనంలో ఊరి దగ్గర ఉండి ఇప్పుడు కనపడని మొక్క, పిట్ట, పురుగు ఏదైనా ఉంటే రాసుకు రమ్మన్నాను. ఏదో నాలుగు పేర్లు వస్తాయనుకుంటే కట్ట కాగితాలు వచ్చాయి.

అందులో ఒకటే మాట చాలామంది ఇళ్ల నుంచి వచ్చింది. తెల్లవారుజామున గెడ్డ ఒడ్డున బండ మీద కూర్చుని అచ్చం మనిషిలా ఈల వేసే నల్లటి పిట్ట. భుజం మీద నీలం మెరుస్తుంది. పుస్తకంలో బొమ్మ చూపిస్తే మలబార్ విజిలింగ్ థ్రష్ అని తేలింది. ఊరి పక్క గెడ్డలోనే పాడేదట, ఇప్పుడు దాన్ని వినాలంటే కాఫీ తోటలు దాటి పైకి పోవాలట. ఒక పాప వాళ్ల తాత ఇంకో సంగతి చెప్పాడు. పూర్వం పుష్యమాసంలో పొద్దున్నే గడ్డి మీద కాలు పెడితే కరకరలాడేదట, ఇప్పుడు అలాంటి పొద్దులు తగ్గిపోయాయట.

నాకు మూడు సందేహాలున్నాయి. కొండల్లో జీవులు పైకి జరుగుతున్నాయని పేపర్లలో చదువుతుంటాం కదా, అసలు అది ఎలా తెలిసింది, ఎవరు కొలిచారు? రెండోది పిల్లలు అడిగింది: "వేడెక్కితే పైకి పోతాయి, పైన చల్లగా ఉంటుంది, ఇందులో నష్టమేముంది టీచర్?" నేను చెప్పిన సమాధానం నాకే చాలలేదు. మూడోది, మా కొండల్లో జరుగుతున్నది ఇదేనా? మా సోషల్ మాస్టారు మాత్రం ఇదంతా చెట్లు కొట్టడం వల్లే, వాతావరణం మీదికి నెట్టకండి అంటున్నారు.

షోలా_తిరుపతి:

టీచర్ గారూ, నాది తిరుపతి. చాలా ఏళ్లుగా మున్నారు, కొడైకెనాల్ వైపు షోలా అడవుల్లో పక్షుల లెక్కలకూ గడ్డి నేలల కొలతలకూ తిరుగుతున్నాను. పిల్లలు అడిగిన ప్రశ్నతో మొదలుపెడతాను. ఈ విషయమంతా దాని చుట్టూనే ఉంది.

కొండ ఎక్కేకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీలు. కాబట్టి ఎండ ఒక డిగ్రీ పెరిగితే, వెనకటి చలే కావాలనుకునే జీవి సుమారు 150 మీటర్లు పైకి పోవాలి. మన దేశంలో 1901 నుంచి 2018 మధ్య సగటు ఉష్ణోగ్రత 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో తేల్చింది. ఆ లెక్కన వంద మీటర్లు. మైదానంలో బతికే జీవికి అంత చలి కావాలంటే ఎంతో దూరం ఉత్తరానికి పోవాలి, కొండమీద దానికి కాసేపటి ఎక్కుడే. ఇంతవరకూ పిల్లలు చెప్పిందే రైటు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. కొనదేలిన కొండల మీద పైకి పోయేకొద్దీ నేల తగ్గిపోతుంది. కింద ఊరంత మేర ఉన్న పట్టీ పైన పొలమంత అవుతుంది. నేల తగ్గితే తిండి, గూళ్లు పెట్టే చోట్లు, జతకట్టే తోడు, అన్నీ తగ్గుతాయి. పైగా అక్కడ ముందునుంచీ ఉన్న జీవి ఉంటుంది కదా, దానిక్కూడా ఈ వేడే తగులుతోంది. అది ఎక్కడికి పోవాలి? శిఖరం మీద ఉన్నదానికి పైన ఆకాశం తప్ప ఏమీ లేదు.

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ పెరూ దేశంలో ఉంది. అక్కడ మనూ అడవుల పక్కన పాంటియాకోల్లా అనే కొండ. పెద్ద కొండేం కాదు, 1,400 మీటర్ల చిల్లర, ఇంచుమించు మీ మన్యం కొండలంతే. 1985లో జాన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే పక్షి శాస్త్రవేత్త ఆ గట్టు వెంట కింద నుంచి కొన దాకా ఏ ఎత్తులో ఏ పిట్ట ఉందో వలలు కట్టి, విని, రాసిపెట్టాడు. 2017లో బెంజమిన్ ఫ్రీమన్ బృందం అదే గట్టు మీద అదే పద్ధతిలో మళ్లీ లెక్క తీసింది. మధ్యలో పెరిగిన వేడి అర డిగ్రీ కూడా లేదు. అక్కడి అడవిని ఎవరూ కొట్టలేదు. అయినా పక్షుల్లో ఎక్కువ భాగం పైకి జరిగాయి. కొన మీద 1985లో మామూలుగా కనపడిన కొన్ని జాతులు 2017లో ఒక్కటి కూడా దొరకలేదు. మీ సోషల్ మాస్టారికి ఈ కొండ సంగతి చెప్పండి. గొడ్డలి పడని చోట జరిగింది కాబట్టే దానికంత విలువ.

ఇక ఎలా తెలిసిందన్న ప్రశ్న. ఎవరో ఒకరు ఎప్పుడో ఎత్తుతో సహా రాసిపెట్టబట్టి తెలిసింది. ఇంకో దారి లేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది సిక్కిం కథ. జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త 1849, 1850లలో లాచెన్, లాచుంగ్ లోయలు తిరిగాడు. నీళ్లు ఎంత వేడి దగ్గర మరుగుతున్నాయో చూసి ఎత్తు కట్టే రోజులవి. ఏ మొక్క ఎంత ఎత్తు నుంచి ఎంత ఎత్తు దాకా ఉందో రాసుకున్నాడు. నూట అరవై ఏళ్ల తర్వాత, 2007 నుంచి 2010 దాకా, మనవాళ్లు అవే లోయలకు పోయి ఆ ప్రాంతానికే పరిమితమైన 124 జాతుల మొక్కల్ని వెతికారు. నూటికి 87 జాతులు జరిగాయి, సగటున పదేళ్లకు 27 మీటర్ల చొప్పున పైకి. కాళ్లు లేని మొక్క జరగడమంటే ఏమిటో పిల్లలకు విడమరచి చెప్పాలి. ఉన్న మొక్క లేచి నడవదు. పై అంచున పడిన గింజ బతుకుతుంది, కింది అంచున పడిన గింజ ఎండిపోతుంది. తరం తర్వాత తరం అలా గడిస్తే పట్టీ మొత్తం పైకి పోయినట్టు కనపడుతుంది. అక్కడ శీతాకాలాలు వేడెక్కడమే ఎక్కువ పనిచేసింది.

అమెరికాలో యోసెమిటీ దగ్గర జోసెఫ్ గ్రినెల్ 1914 నుంచి చేసిన చిన్న జంతువుల సర్వే కూడా ఇలాంటిదే. సుమారు తొంభై ఏళ్ల తర్వాత అదే దారిన పోయి చూస్తే 28 జాతుల్లో సగం సగటున 500 మీటర్లు పైకి పోయాయి. మిగతా సగంలో అంత మార్పు లేదు. ఈ రెండో సగాన్ని మాత్రం మరిచిపోకండి.

ఎందుకంటే అందరూ ఒకే వరసలో మెట్లెక్కుతున్నారని పిల్లలు అనుకుంటే తప్పవుతుంది. ఒక్కో జీవి ఒక్కోదాని వెంట పోతుంది. కాలిఫోర్నియా కొండల్లో చాలా మొక్కలు కిందికే దిగాయి, నీళ్లు దొరికేది అటు కాబట్టి. వేడి ఒక వైపు లాగితే వాన ఇంకో వైపు లాగుతుంది. పిట్ట రెక్కలతో ఒక్క ఏడాదిలో పైకి చేరొచ్చు. అది తినే పండు చెట్టు చేరడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పైన ఆ పిట్ట ఏం తినాలి? పాత పుస్తకాల్ని కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఈక్వెడార్లో హంబోల్ట్ 1802లో చింబొరాజో కొండ మీద రాసిన లెక్కలతో పోల్చి 500 మీటర్లు జరిగాయని 2015లో ఒక బృందం చెప్పింది. ఆ మొక్కల్లో చాలావాటిని హంబోల్ట్ సేకరించింది చింబొరాజో మీద కాదని, అంటిసానా అనే ఇంకో కొండ మీదని 2019లో తేలింది. సరిచేస్తే జరుగుడు దాదాపు సగానికి తగ్గింది. జరగడం నిజమే, కొలత మారింది.

ఇప్పుడు ఆ తాతగారు చెప్పిన కరకరలాడే గడ్డి. ఆ మాట చదివాక నాకు రాయకుండా ఉండబుద్ధి కాలేదు, ఎందుకంటే నేను పనిచేసే చోట అసలు కథ అదే.

నీలగిరి, పళని, ఆనముడి కొండల పైన అడవీ గడ్డీ పక్కపక్కనే ఉంటాయి. పల్లంలో నీటి చెలమ చుట్టూ పొట్టిగా, దట్టంగా షోలా అడవి, దాని అంచు దాటగానే గడ్డి. మధ్యలో కంచె వేసినట్టు గీత. జనవరిలో తెల్లవారకముందు అక్కడికి పోతే గడ్డి పోచ పోచకూ తెల్లటి మంచు పొడి పట్టి ఉంటుంది. అదే చోట అడవి లోపలికి నాలుగడుగులు వేస్తే మంచు లేదు, ఆకుల కప్పు కింద నేల వెచ్చగా ఉంటుంది. షోలా చెట్టు గింజ గడ్డిలో పడి మొలిస్తే ఆ మంచుకు మాడిపోతుంది. ఎండకు మాడినట్టే ఆకు నల్లబడి ముడుచుకుపోతుంది. అలా గడ్డిని గడ్డిగా ఉంచుతున్నది ఆ మంచే. రాత్రులు వేడెక్కి మంచు పడే పొద్దులు తగ్గితే చెట్లు గడ్డిలోకి నడిచి వస్తాయి. వచ్చేది మన షోలా చెట్టయితే కొంత నయం. ముందుగా వచ్చేది ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన వాటిల్ తుమ్మ. దానికి మంచును తట్టుకునే శక్తి మన చెట్టు కంటే ఎక్కువని పరిశోధనలో చూశారు.

ఆ గడ్డి పోతే దాని మీద బతికే నీలగిరి తార్ అనే కొండమేకలాంటి జంతువు పోతుంది, నీలగిరి పిపిట్ అనే చిన్న పిట్ట పోతుంది. పళని కొండల్లో నలభై ఏళ్లలో గడ్డి నేల మూడింట రెండు వంతులు పోయింది, అందులో పెద్ద చేయి తోటలది, సాగుది. ఈ లెక్క కట్టిన వాళ్లలో మన తిరుపతి ఐసర్ (సైన్సు విద్య, పరిశోధన సంస్థ) వాళ్లు ఉన్నారు. అక్కడ వి.వి. రాబిన్ గారి ప్రయోగశాల ఏళ్ల తరబడి ఈ కొండల పక్షుల మీదే పనిచేస్తోంది. అందుకని మీ సోషల్ మాస్టారు చెప్పేదీ కొట్టేయలేం. గొడ్డలి, నాటిన చెట్టు, వేడి, మూడూ ఒకే చోట పడుతున్నాయి. ఏది ఎంత అని విడదీయడమే కష్టమైన పని.

మన్యం_టీచర్:

చాలా చాలా థాంక్సండీ. మంచు సంగతి రేపే క్లాసులో చెబుతాను. మీరు రాసింది చదివాక ఇంకో కుతూహలం కలిగింది. మనుషులు పెంచే పంటలు కూడా ఇలాగే పైకి పోతున్నాయా? మా దగ్గర అందరి బతుకూ కాఫీ, మిరియం మీదే కదా.

పండ్ల_మండి_హైదరాబాద్:

మేడమ్, పంటల ముచ్చట నేను చెప్తా. మాది బాటసింగారం మార్కెట్ల కమీషన్ దుకాణం. మా నాయిన కొత్తపేటల ఉన్నప్పటి సంది యాపిల్ వ్యాపారమే. సీజన్ల నేను హిమాచల్ పోయి తోటల కాడనే మాట్లాడుకొని వస్తా.

ఆడ యాపిల్ పంటంతా పైకి ఎక్కుతున్నదన్నది పుస్తకాల మాట కాదు, మేం ఏటా చూస్తున్నదే. యాపిల్ చెట్టుకు చలికాలంల నిద్ర కావాలె. ఏడు డిగ్రీల కంటే తక్కువ చలి దానికి వెయ్యి గంటలకు అటూఇటూ పడాలె, అప్పుడే ఎండాకాలం మొదట్ల పూత సక్కగ ఒక్కసారి పడుతది. చలి చాలకపోతే పూత ఇయ్యాల కొంత, వారానికి కొంత, ఎడాపెడా వస్తది. కాయ ఒక్క తీరు ఉండదు. పెట్టె తెరిస్తే పైవరుస ఒక రంగు, కింది వరుస ఒక రంగు. మా దగ్గర వేలంపాటల రేటు పడిపోయేది ఆడనే.

కుల్లు లోయల కింద బజౌరా దిక్కు వెనకట యాపిల్ బాగుండెనట. ఇప్పుడు ఆ రైతులు దానిమ్మ పెట్టిన్రు, కూరగాయలు పెట్టిన్రు. పైన కిన్నౌర్, లాహౌల్ దిక్కు ఒకప్పుడు యాపిల్ అనేటోళ్లే లేని ఊర్లల్ల ఇప్పుడు కొత్త తోటలు. కోట్‌గఢ్‌ల శామ్యూల్ స్టోక్స్ 1916ల ఎర్ర డెలిషస్ మొక్కలు నాటిండు, హిమాచల్ యాపిల్‌కు అదే మొదలంటరు. నూరేండ్లల్ల ఎంత మారిపోయిందో చూడుండ్రి.

పైకి పోయినోడు బాగుపడ్డడు. కింద ఉన్నోడికి భూమి ఆడనే ఉన్నది కద, ఎత్తుకపోలేడు. నాకు తెలిసిన ఒక కింది ఊరి రైతు, మా నాయినకు దోస్తు, ముప్పై ఏండ్ల చెట్లు కొట్టేసి ప్లమ్ పెట్టిండు. కొట్టేసిన దినం మా నాయినకు ఫోన్ చేసి శానా సేపు మాట్లాడిండు.

ఇంకో ముచ్చట. చలి తక్కువున్నా కాసే రకాలు వచ్చినయ్. బిలాస్‌పూర్ రైతు హరిమన్ శర్మ తీసిన హెచ్‌ఆర్‌ఎంఎన్ 99 అసుంటిదే. మన ఆసిఫాబాద్ జిల్లాల గూడ ఒక రైతు సీసీఎంబీ (మన హైదరాబాద్ పరిశోధన సంస్థ) వాళ్ల సాయంతోటి యాపిల్ కాపిచ్చిండు. పంటకు మనిషున్నడు మేడమ్. రకం మారుస్తడు, జాగ మారుస్తడు. మీరు చెప్పిన పిట్టకు, ఆ తార్ అనే జీవానికి ఎవలున్నరు?

రాకీస్_నుంచి:

నమస్తే టీచర్ గారూ. మాది గుంటూరు, కొలరాడోలో ఉంటున్నాం. ఇక్కడ వేసవిలో వాలంటీర్లు కొండల మీదికి పోయి పైకా ఉందా లేదా అని చూసి రాసే కార్యక్రమం ఉంది, నేనూ మా అమ్మాయీ అందులో ఉన్నాం. మీ పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను.

పైకా అంటే కుందేలు చుట్టం. గుప్పిట్లో పట్టేంత ఉంటుంది, గుండ్రటి చెవులు, తోక కనపడదు. కొండ కూలిన పెద్ద పెద్ద రాళ్ల గుట్టల మధ్య సందుల్లో ఉంటుంది. చలికాలమంతా నిద్రపోదు. అందుకే ఎండాకాలంలో గడ్డీ పూలూ కోసి రాళ్ల కింద కుప్ప వేసుకుంటుంది. మేం వెతికేది ముందు ఆ కుప్ప కోసమే. పచ్చగా ఉంటే ఈ ఏడాదిది, జంతువు ఉన్నట్టు. గోధుమరంగుకు తిరిగి కుళ్లుతుంటే పాతది. ఆ కుప్ప పక్కన కూర్చుని కదలకుండా ఉంటే కాసేపటికి "ఈక్" అని ఒక్క అరుపు వినపడుతుంది.

ఆ ఒంటిమీది బొచ్చు చలి కోసం పుట్టింది. పాతికా పాతికన్నర డిగ్రీల ఎండలో, నీడకు పోయే దారి లేకుండా కొన్ని గంటలుంటే చచ్చిపోతుందని పాత ప్రయోగాలు చెప్పాయి. మన గుంటూరులో మాఘమాసం పొద్దుటి ఎండ అది. అమెరికా పడమటి ఎడారి కొండల్లో ఒకప్పుడు ఉన్న కొన్ని చోట్ల ఇప్పుడు అది లేదు. ఇక్కడ కొలరాడోలో కొండలు ఎత్తు కాబట్టి చాలా చోట్ల ఇంకా బాగానే ఉంది.

నేను రాయాలనుకున్నది ఇంకొకటి. వేడి పెరిగితే పైకా చలికి కూడా చావొచ్చు. శీతాకాలంలో మంచు మందంగా కప్పితే కింద రాళ్ల సందులు వెచ్చగా ఉంటాయి. మంచు తక్కువ పడిన ఏడు దుప్పటి తీసేసినట్టే, గడ్డకట్టే గాలి నేరుగా లోపలికి పోతుంది. అందుకే ఎంత ఎత్తు అని అడిగితే చాలదు, ఆ రాళ్ల కింద ఎలా ఉంది అని కూడా అడగాలి. చల్లటి గాలి నిలిచే రాళ్ల గుట్టలుంటే చాలా తక్కువ ఎత్తులో కూడా పైకాలు బతుకుతున్నాయి, ఒరెగాన్ దగ్గర కొలంబియా నది లోయలో అలాంటివి ఉన్నాయి. మీ గెడ్డ పక్కన నీడ ఎంత మిగిలిందో చూడండి. ఈలపిట్టకు అదే ప్రాణం కావచ్చు.

షోలా_తిరుపతి:

పైకా గురించి రాసినాయన చివరి మాట పట్టుకుని మీ మూడో ప్రశ్నకు వస్తాను టీచర్ గారూ.

హిమాలయాల్లో జీవికి ఇంకా ఎక్కడానికి ఎత్తుంది. పైగా అన్ని పర్వతాలూ కొనదేలి ఉండవు. 182 పర్వతశ్రేణుల్ని కొలిచి చూస్తే, ఎత్తుకు పోయేకొద్దీ నేల తగ్గుతూనే పోయేవి మూడింట ఒక వంతే. హిమాలయాల్లో మధ్యలో సన్నబడి పైన మళ్లీ వెడల్పవుతుంది. తూర్పు కనుమలకు ఆ అదృష్టం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికంటే ఎత్తైన జిందగడ కొన 1,700 మీటర్లకు కొంచెం తక్కువ, ఒడిశా వైపు దేవమాలి 1,672. వెయ్యి మీటర్ల పైన ఉన్న నేలంతా చిన్న చిన్న ముక్కలు, మధ్యలో వేడి లోయలు. అలాంటి ముక్క మీద ఉన్న జీవికి పక్క ముక్కకు పోవాలంటే లోయ దాటాలి. మా తిరుమల వైపు సైకస్ బెడ్డోమీ అని ఈతచెట్టులా కనపడే మొక్క ఉంది. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. దానికి ఎక్కడానికి ఏముంది? నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ పొట్టి కొండల సంగతే. ప్రపంచం ఆల్ప్స్ గురించి మాట్లాడుతుంది. ఆల్ప్స్‌తో సహా యూరప్ పర్వతాల్లో 302 శిఖరాల మీద మొక్కల లెక్కలు తీశారు, కింది మొక్కలు పైకొచ్చి జాతుల సంఖ్య పెరుగుతున్న వేగం యాభై ఏళ్ల కిందటికి అయిదింతలైందని చెప్పగలిగారు. మన మన్యం కొనల మీద అలాంటి లెక్క ఏదీ?

అలాగని మొదలే లేదనుకోకండి. ఆ సైకస్‌కు పేరిచ్చిన బెడ్డోమ్ మద్రాసు అటవీ శాఖలో ఉండగా పందొమ్మిదో శతాబ్దంలోనే జయపురం కొండల్లో ఒక బల్లిని కనిపెట్టి ఏ కొండ మీద దొరికిందో రాశాడు. ఆ తర్వాత వందేళ్లకు పైగా దాన్ని చూసినవాళ్లు లేరు. 2010 ప్రాంతంలో తూర్పు కనుమల ఎత్తైన అడవుల్లో మళ్లీ దొరికింది. పక్షులకైతే ఇంకా మంచి ఆధారం ఉంది. 1930 ప్రాంతంలో వెర్నే సర్వే అనే శాస్త్రీయ సర్వే బృందం తూర్పు కనుమల్లో తిరిగింది. 1970లలో ట్రెవర్ ప్రైస్ అనే పక్షి శాస్త్రవేత్త మీ కొండల్లోనే పనిచేశాడు. 1980లలో డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్, విశాఖపట్నానికి చెందిన కృష్ణరాజు గారు కలిసి విశాఖ కనుమల పక్షుల జాబితా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చువేశారు. కృష్ణరాజు గారు మన తెలుగు నేల మీద పక్షుల్ని ఇంత శ్రద్ధగా చూసిన అతికొద్ది మందిలో ఒకరు. మీ లంబసింగి పేరు కూడా ఆ రోజుల రాతల్లో ఉంది. మీ హుకర్లు వీళ్లే. ఆ పాత సంచికలు ఇప్పుడు ఇంటర్నెట్లో ఉచితంగా చదువుకోవచ్చు. ముందు అవి తెప్పించి ఈలపిట్ట గురించి ఏం రాశారో చూడండి.

ఈలపిట్ట వాతావరణం వల్లే పైకి పోయిందా అంటే, ఇప్పుడున్న ఆధారంతో అవునని నేను అనను. అది గెడ్డలో పీతలు, పురుగులు, నత్తలు, ఒడ్డున పండ్లు తింటుంది. రాళ్ల అరల్లో, జలపాతం పక్కన గూడు కడుతుంది. గెడ్డ వేసవిలో ఎండిపోతే పోతుంది. ఒడ్డు చెట్లు కొడితే పోతుంది. తోటల్లో మందు కొడితే పురుగు లేక పోతుంది. చలికాలంలో గూళ్ల కాలం అయిపోయాక తనంతట తానే కిందికి దిగి తిరుగుతుంది కూడా, కాబట్టి డిసెంబరులో ఊరి దగ్గర కనపడిందని వెనక్కి వచ్చిందనుకోకూడదు. చూడాల్సింది అది పాడే కాలంలో, అంటే వానలకు ముందు నుంచి వానలయ్యేదాకా.

పిల్లలతో ఇలా చేయించండి. ఊరి దగ్గర నుంచి పైకి గెడ్డ వెంట కొన్ని చోట్లు ఎంచుకుని, ఎప్పుడూ అవే చోట్లకు, తెల్లవారే వేళకే పోవాలి. వినపడితే రాయాలి. వినపడకపోతే వినపడలేదని తప్పకుండా రాయాలి, ఎక్కువమంది వదిలేసేది అదే. పిట్టతో పాటు గెడ్డలో నీళ్లున్నాయా, ఒడ్డున నీడ ఉందా, ఆ చుట్టుపక్కల ఏ చెట్లు కొత్తగా పడ్డాయి, అవీ రాయాలి. నీడా నీరూ చెక్కుచెదరని గెడ్డలో కూడా పిట్ట పైకే పోతోందంటే అప్పుడు వేడి మీద అనుమానపడొచ్చు. చెట్లు పోయిన గెడ్డలోనే పోయి, పక్కన చెట్లున్న గెడ్డలో అదే ఎత్తులో పాడుతోందంటే మీ సోషల్ మాస్టారు గెలిచినట్టు. అలాగైతే సంతోషించాలి, ఎందుకంటే ఒడ్డున చెట్లు మళ్లీ పెంచడం మన చేతిలో ఉన్న పని. తాతలు చెప్పినవి కూడా ఏ ఊరు, ఏ గెడ్డ, సుమారు ఏ సంవత్సరం అని అడిగి అదే పుస్తకంలో ఎక్కించండి.

మన్యం_టీచర్:

మా ఊళ్లో సరిగ్గా అలాంటి రెండు గెడ్డలున్నాయండి! ఒకదాని ఒడ్డున చెట్లన్నీ ఉన్నాయి, ఇంకోదాని పక్క సిల్వర్ ఓక్ వేసి కాఫీ పెట్టారు. రెండింటికీ పిల్లల ఇళ్లు దగ్గరే. సోషల్ మాస్టారు కూడా వస్తానన్నారు, పటం గీసే బాధ్యత ఆయనదే. ఒక్క సందేహం, ఎత్తు ఎలా రాయాలి? ఫోన్లో చూపించేది ఒకసారి ఒకటి, ఇంకోసారి ఒకటి వస్తోంది.

షోలా_తిరుపతి:

ఫోన్ ఎత్తు మీద ఆధారపడకండి, పదుల మీటర్లు తేడా వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా పటాలు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. 50,000కు ఒకటి స్కేలు పటంలో 20 మీటర్లకొక ఎత్తు గీత ఉంటుంది. మాస్టారు గారిని మీ గెడ్డలు రెండూ దాని మీద గుర్తించి, గీత గెడ్డను దాటే చోట్లనే వినే చోట్లుగా పెట్టుకోమనండి. అక్కడి పెద్ద బండకో చెట్టుకో ఒక నంబరు వేసి ఫోటో తీసి ఉంచితే, మీరు బదిలీ అయి పోయినా తర్వాత వచ్చే టీచర్‌కు అదే చోటు దొరుకుతుంది. పుస్తకం మాత్రం స్కూలు పేరు మీద, స్కూలు బీరువాలోనే ఉండాలి.